వ్రాత మనదే, ఫైలు ఎవరిది?

మన కళాశాల వార్షిక సంచిక రెండు వైపుల నుండి తెరుచుకొనే పుస్తకం. ముందు అట్ట తీసిన తెలుగు, వెనుక అట్ట తీసిన ఉర్దూ. రెండు భాషలూ చెరొక దిక్కు నుండి నడచి వచ్చి నడిమి పుటలలో కలిసికొనుట ఈ పత్రిక ప్రత్యేకత. ఈ ఏడు మేము వ్యాసానికి ఎన్నుకొన్న విషయం ఆ రెండు భాషలకూ సమానంగా వర్తించేది. కంప్యూటరులో వ్రాసి దాచుకొన్న వ్రాత ఎవరి అధీనంలో ఉన్నది? వ్రాసినవానిదా, అచ్చుకు కూర్చినవానిదా, లేక ఆ సాఫ్టువేరును అమ్మిన సంస్థదా? ఇది కంప్యూటరు శాఖ వారి గొడవ మాత్రమేనని తలచరాదు. మనకు నష్టం కలిగిన పిదప తెలిసివచ్చిన సంగతి ఇది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటిన వైనం ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒక్క పూటలో నేలకొరిగినవి. తరతరాల చెట్లు పోయిన చోట పుస్తకాలను గూర్చి దుఃఖించుట చిన్నతనంగా తోచవచ్చును. అయినను మన గ్రంథాలయపు రేకులు కొన్ని లేచిపోయి, పాత సంచికలు ఉంచిన అలమర తడిసి ముద్దయినది. ఎండబెట్టి విడదీయబోగా పుటలు అతుక్కొని చినిగినవి. మిగిలినవాటి సంగతి చెదలు చూచుకొన్నవి. అప్పుడు మేము అంతగా దిగులు పడలేదు. ఏలయనగా 2001 నుండి 2012 వరకు వెలువడిన సంచికల సి.డి.లు కార్యాలయపు ఇనుప బీరువాలో చెక్కుచెదరక ఉన్నవి. కాగితం పోయినా వ్రాత ఉన్నది గదా అని ధైర్యం చెప్పుకొన్నాము.

కొంతకాలానికి, పాత సంచికలనుండి ఒక సంకలనం వేయాలని కమిటీవారు తలపెట్టినప్పుడు ఆ సి.డి.లను తెరిచినాము. ఉర్దూ పుటలు కనిపించినవి. అయితే అవి పుటల బొమ్మలు మాత్రమే. వాటిలో ఒక పేరు వెదకుటకు గాని, ఒక తప్పు దిద్దుటకు గాని వీలులేదు. తెలుగు పుటల గతి ఇంకను దారుణం. ఒక్క తెలుగు అక్షరం లేదు. పుటనిండా పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కీలు, చుక్కలు. సంచికను కూర్చిన డి.టి.పి. దుకాణం ఎప్పుడో మూతబడినది. ఆ ఫాంటును అమ్మినవారు క్రొత్త కంప్యూటర్లకు దానిని మరల ఇచ్చుట మానుకొన్నారు. వారి పేరు చెప్పుట వలన ప్రయోజనం లేదు. ఆ కాలంలో ఆ వ్యాపారం అందరిదీ అదే తీరు.

ఆ పుటలలో ఒకటి మమ్మల్ని విడువలేదు. 2005 సంచికలో, ఉద్దానం నుండి వచ్చి చదువుకొన్న ఒక విద్యార్థి తన ఊరి బావులను గూర్చి వ్యాసం వ్రాసినాడని కార్యాలయపు రిజిస్టరులో చేతితో వ్రాసిన విషయసూచిక చెప్పుచున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇండ్లను ఖాళీ చేసినదో మనకు తెలుసు. దానికి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఇరువది ఏండ్ల క్రిందట ఒక కుర్రవాడు తన ఊరిలో బావి బావికీ తిరిగి ఏమి లెక్క వ్రాసినాడో చూడవలెనని ఎవరికి ఉండదు? ఫైలు తెరిచినాము. గజిబిజి గుర్తుల నడుమ ఒక పట్టిక ఉన్నది: ఏడు వరుసలు, వరుసకు నాలుగు గడులు. అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నవి. అవి దేని లెక్కలో చెప్పే మాటలు లేవు. అది బావి లోతా, ఇండ్ల సంఖ్యా, రోగుల సంఖ్యా, మృతుల సంఖ్యా?

అంకెలు నిలిచి అక్షరాలు పోవుటకు కారణం ఉన్నది. కంప్యూటరు అక్షరాలను ఎరుగదు, సంఖ్యలనే ఎరుగును. ఇంగ్లీషు పెద్దబడి 'ఎ' కు 65, 'బి' కి 66 అను ఏర్పాటు 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణం నాటిది. అందులో స్థానాలు 128. దానిని పొడిగించి 256 స్థానాలుగా వాడుకొన్న రోజులలో తెలుగు డి.టి.పి. మనదాకా వచ్చినది. తెలుగుకు విడిగా స్థానాలు లేవు. కావున ఫాంటు తయారీదారులు ఇంగ్లీషు అక్షరాల ఇండ్లలోనే తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, ఒత్తులు మొదలైన ముక్కలను కాపురం పెట్టించినారు. తెలుగు అచ్చులోనూ ఇంగ్లీషు అంకెలే వాడుక గనుక అంకెల ఇండ్లను కదపలేదు. అనగా ఫైలులో నిజంగా ఉన్నది ఇంగ్లీషు అక్షరాల వరుస. తెలుగు దానిపై వేసిన వేషం. ఆ ఫాంటు ఉన్నంతసేపు వేషం నిలుచును. ఫాంటు లేనినాడు వేషం జారిపోవును.

ఒకరి పద్ధతి ఒకరికి ఒప్పదు. ఒక ఫాంటులో 'క' ఉన్న ఇంట మరొక ఫాంటులో ఏదో ఒత్తు ఉండవచ్చును. ఏ ఇంట ఏమి ఉన్నదో తెలిపే పట్టికను తయారీదారు ప్రకటించడు; అది అతని వ్యాపార రహస్యం. దానికి తోడు, హార్డువేరు తాళం తగిలిస్తే తప్ప పని చేయని సాఫ్టువేర్లు కూడ ఉండేవి. ఆ తాళం పోయినచో మనం వ్రాసిన వ్యాసం మనకే తెరుచుకొనదు.

ఈ తీరు మన టెక్కలి వారికి అర్థమగుటకు ఒక్క మాట చాలు: నౌపడ. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వేయించినారు. 1931 నాటికి అది గుణుపూరు చేరినది. దాని పట్టాల వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు. మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గానిది అయిదడుగుల ఆరంగుళాలు. రెండు రైళ్లూ నౌపడకు వచ్చును. ఒకదాని పెట్టె మరొకదాని పట్టాలపై నడవదు. మూట దింపి మరల ఎక్కించవలసినదే. 2004లో ఆ చిన్న రైలు ఆగి, 2010-11లో అదే దారిన పెద్ద రైలు వచ్చినంతవరకు ఒక శతాబ్దం పైగా ఈ దింపుడు ఎక్కింపుడు సాగినది. అయితే నౌపడలో కనీసం పట్టాల వెడల్పును ఎవరైనను కొలిచి చూచుకొనవచ్చును. మన ఫాంట్ల విషయంలో ఆ కొలతే రహస్యం.

రహస్యం లేని కొలత ఎట్లుండునో చూచుటకు కాశీబుగ్గ జీడిపప్పు బజారు చాలు. 'డబ్ల్యూ 320' అనగా పౌనుకు 300 నుండి 320 వరకు తూగే తెల్లని నిండు పప్పు. ఆ గుర్తు ఏ ఒక్క ఫ్యాక్టరీ సొత్తు కాదు. పలాసలో కట్టిన డబ్బాను ఏ దేశపు వర్తకుడైనను విప్పి, తూచి, లెక్కపెట్టి చూచుకొనవచ్చును. అమ్మినవాడు రేపు దుకాణం కట్టివేసినా ఆ గుర్తు అర్థం మారదు. బహిరంగ ప్రమాణం అను మాటకు ఇంతకు మించిన నిర్వచనం మాకు తెలియదు.

భారతీయ భాషలకు అట్టి ప్రమాణం లేకపోలేదు. 1980 దశకంలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పూనాలోని సి-డాక్ చేతిలో పెరిగిన కృషి ఫలితంగా 'ఇస్కీ' అను సంకేత పద్ధతి ఏర్పడినది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దానిని ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో ఆమోదించినది. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటికీ అందులో ఒకే అమరిక. అదే సంవత్సరం వెలువడిన యూనికోడు, ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారంగా గైకొని, లిపి లిపికీ విడివిడిగా స్థలం కేటాయించినది. తెలుగుకు వచ్చిన భాగం 3072 నుండి 3199 వరకు, 128 స్థానాలు. 'అ' 3077, 'క' 3093. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు రెండు భాషలూ చదువు వారికి సరదాగా ఉండే సంగతి ఒకటి: ఒడియా 'క' సంఖ్య 2837. దానికి 256 కూడిన తెలుగు 'క' వచ్చును. 'ఖ', 'గ' లకూ అంతే. అమరిక ఒకటే గనుక లెక్క తప్పదు.

యూనికోడు అక్షరాన్ని దాచునే గాని ఆకారాన్ని దాచదు. 'క్ష' అని వ్రాసిన ఫైలులో క, పొల్లు, ష అను మూడు సంఖ్యలు ఉండును. వాటిని కలిపి రూపం కట్టుట ఫాంటు పని. ఫాంటు మార్చిన అందం మారును, అక్షరం మారదు. అందువలననే వెదకుట, అకారాది క్రమంలో పెట్టుట సాధ్యమైనవి. పాత పద్ధతిలో ఈ రెండూ అసాధ్యప్రాయాలు. ఈ జిల్లాలో జన్మించి, వాడుక భాషకై పోరాడి, సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిగారి పేర నేడు ఒక యూనికోడు తెలుగు ఫాంటు ఉచితంగా లభించుచున్నది. మన కొండలలోని సవరల కొరకు 1936లో మంగేయి గొమాంగో కల్పించిన సొరాసొంపెంగ్ లిపికి సైతం 2012లో యూనికోడులో చోటు దొరికినది.

అట్లయిన 1991లోనే ప్రమాణం ఉండగా మన సంచికను 2005లో సైతం పాత పద్ధతిలో ఏల కూర్చినారు? తప్పు దుకాణదారునిపై మోపుట న్యాయం కాదు. విండోస్‌లో తెలుగు యూనికోడు 2001లో ఎక్స్.పి.తో గాని రాలేదు. వచ్చిన పిదప కూడ డి.టి.పి. వారు వాడు పేజ్‌మేకరుకు అది తెలియదు. అచ్చుకు అందమైన అక్షరం కావలెనన్న పాత ఫాంటే గతి. ఉర్దూ సంగతియు ఇట్టిదే. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు వాలుగా జారుతూ ఒకదానిపై ఒకటి కూర్చుండును. అందువలన చిరకాలం కాతిబులు చేతితో వ్రాసినదే అచ్చయ్యేది. మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంపుటులను కూర్చి నిర్మించిన నూరీ నస్తాలీఖ్‌తో 1981లో లాహోరులో జంగ్ పత్రిక యంత్రంపై వెలువడినది. 1994లో ఢిల్లీ నుండి వచ్చిన ఇన్‌పేజ్ ఆ అందాన్ని మామూలు కంప్యూటరుకు తెచ్చినది. దానిదీ తొలుత సొంత సంకేత పద్ధతియే. తరువాత యూనికోడును చేర్చుకొన్నది. ఇట్టి వ్యాపారులు లేనిచో మనవంటి చిన్న ఊళ్ల కళాశాలలు రెండు భాషలలో పత్రిక వేయగలిగి ఉండేవి కావు. వారి ఋణం ఉన్నది. కాని ఋణం ఉన్నదని తాళంచెవి వారి వద్దనే ఉంచుట తగదు.

అక్షరాల చిక్కు తీరినంతలో పత్రం చిక్కు తీరదు. పత్రంలో శీర్షికలు, పట్టికలు, అథోజ్ఞాపికలు ఉండును. వాటిని ఫైలులో ఏ విధంగా గుర్తించి పెట్టినదీ తెలియవలెను. మైక్రోసాఫ్ట్ వర్డ్ వారి 'డాక్' ఫైలు లోకమంతటా వ్యాపించినను దాని లోపలి కట్టడి చిరకాలం అందరికీ బహిరంగంగా లేదు. ఇతర సాఫ్టువేర్లవారు ఊహించి తెరిచేవారు. ఊహ తప్పిన చోట పట్టిక గడులు చెదిరేవి. 2005 మేలో ఒయాసిస్ అను ప్రమాణాల సంస్థ ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతిని ఆమోదించగా 2006లో అది ఐ.ఎస్.ఓ. 26300 అయినది. ఇప్పుడు లిబ్రె ఆఫీసు వాడుచున్నది దానినే. దీనికి పోటీగా మైక్రోసాఫ్ట్ తన 'డాక్స్' పద్ధతిని 2006 డిసెంబరులో ఎక్మా సంస్థ ద్వారా ప్రమాణం చేయించి ఐ.ఎస్.ఓ. ముందుకు తెచ్చినది. మొదటిది సుమారు 700 పుటలు కాగా ఇది 6,000 పుటలకు పైబడినది. అందులో ఒక చోట, అక్షరాల నడుమ ఎడం వర్డ్ 95 ఎట్లు పెట్టునో అట్లే పెట్టుము అను అర్థంగల గుర్తు ఉన్నది. వర్డ్ 95 ఎట్లు పెట్టునో మాత్రం తొలి ప్రతిలో వివరించలేదు. 'మా ఇంట చేసినట్లు చేయుము' అని చెప్పి వంటయింటి తలుపు మూసినట్లున్నది. భారతదేశం 2007లోనూ 2008లోనూ దీనికి వ్యతిరేకంగానే ఓటు వేసినది. అయినను 2008లో అది ఐ.ఎస్.ఓ. 29500గా నెగ్గినది.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1900 సంవత్సరం లీపు సంవత్సరం కాదు; నూటితో భాగింపబడి నాలుగువందలతో భాగింపబడని సంవత్సరానికి ఫిబ్రవరి 29 లేదు. కాని లోటస్ 1-2-3 అను పాత లెక్కల సాఫ్టువేరు దానిని లీపు సంవత్సరంగా లెక్కించినది. దాని ఫైళ్లు తనలో సరిగా తెరుచుకొనవలెనని ఎక్సెల్ ఆ తప్పును తెలిసియే స్వీకరించినది. నేటికీ ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 ఉన్నది. తాళపత్రాల కాలంలో వ్రాయసకాడు మూలంలోని తప్పును సైతం యథాతథంగా ఎక్కించినట్లే. పొందిక అను మాటకు ఇదియు ఒక అర్థం. పాత ఫైలు తెరుచుకొనవలెనన్న పాత తప్పులను కూడ మోయవలసి వచ్చును, వాటిని వ్రాసి ప్రకటింపవలసియు వచ్చును.

సంస్థల వాగ్దానాలను గూర్చి రెండు మాటలు. 2006 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, తాను పేర్కొన్న కొన్ని ప్రమాణాలను అమలుపరచువారిపై పేటెంటు వ్యాజ్యం వేయబోనని మార్చరాని వాగ్దానం ప్రకటించినది. 2008 ఫిబ్రవరిలో పాత డాక్ ఫైలు కట్టడిని వెల్లడించినది. 2009లో ఆఫీసు 2007కు ఇచ్చిన సవరణతో ఓపెన్ డాక్యుమెంటును తెరుచుట, దాచుట చేర్చినది. ఇవి మెచ్చదగిన పనులే. అయితే మేము వాగ్దానాన్ని ఒక్క ప్రశ్నతో తూచుదుము: ఆ సంస్థ రేపు ఉండకపోయిన, మనసు మార్చుకొన్న, మన చేతిలో మిగులునదేమి? ముద్రితమైన వివరణ ఉన్నచో ఏ ఊరి విద్యార్థియైనను క్రొత్త సాధనం వ్రాసుకొనగలడు. 'మా తరువాతి కూర్పులో కూడ తెరుచుకొనును' అను హామీ మాత్రమే ఉన్నచో, తరువాతి కూర్పు కొన్నంతకాలమే అది హామీ. 2010 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించినప్పుడు, ప్రమాణం రుసుము లేకుండ అందరికీ లభింపవలెనని పట్టుబట్టుటకు కారణం ఇదియే. విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం: ఏదైనా డాక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర 'జిప్' అని మార్చి తెరువుడు. లోపల మీరు వ్రాసిన వాక్యాలు యూనికోడు అక్షరాలతో కంటికి కనిపించును. మన 2005 సి.డి.లో అట్లు కనిపించుటకు ఏమియు లేదు.

పి.డి.ఎఫ్. ఉన్నది గదా అని కొందరు అందురు. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఆ పద్ధతి 2008లో ఐ.ఎస్.ఓ. ప్రమాణమైనది, పుటను ఉన్నదున్నట్లు చూపుటలో దానికి సాటి లేదు. కాని పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్. నుండి ఒక వాక్యం తీసి వేరొక చోట అంటించిన మరల ఆ గజిబిజియే. చూపుకు తెలుగు, లోపల పాత వేషమే.

ఇక మన సి.డి.ల కథ. వెన్న నాగార్జునగారు తెలుగు పత్రికల సొంత ఫాంట్లను యూనికోడులోకి మార్చుటకు 'పద్మ' అను ఉచిత సాధనాన్ని చాలకాలం క్రిందటనే రూపొందించినారు. ఆ త్రోవనే మేమును పోయినాము. అదృష్టవశాత్తు 2007 సంచిక ముద్రిత ప్రతి ఒకటి ఒక పూర్వవిద్యార్థి ఇంట దొరికినది. ఇద్దరు విద్యార్థినులు ఆ పుటలను ఒక ప్రక్కన, గజిబిజి ఫైలును ఒక ప్రక్కన పెట్టుకొని, ఏ గుర్తుకు ఏ ముక్క అని పట్టిక వ్రాసినారు. వేసవి సెలవులన్నీ దానికే సరిపోయినవి. తొమ్మిది సంచికల తెలుగు భాగం ఇప్పుడు చదువదగిన స్థితికి వచ్చినది. ఒత్తుల దగ్గర తప్పులు ఇంకను ఉన్నవి.

కమిటీవారికి మేము విన్నవించినది ఒక్కటే. ఈ ఏటి నుండి ముద్రణాలయంతో కుదుర్చుకొను ఒప్పందంలో, అచ్చుప్రతితో పాటు తెలుగు, ఉర్దూ రెండింటి పూర్తి పాఠం యూనికోడులో, ఓపెన్ డాక్యుమెంటుగా ఇవ్వవలెనని ఒక షరతు చేర్చవలెను. ఇవ్వనిచో చివరి వాయిదా సొమ్ము ఆపవలెను. ఖర్చు పెరుగునని ఒక అభ్యంతరం వచ్చినది. పెరుగును. తక్కువే పెరుగును.

బావుల వ్యాసం కూడ చాల భాగం చదువగలిగినాము. మొదటి గడి బావి ఉన్న వీధి పేరు. రెండవది లోతు, అడుగులలో. మూడవది ఆ నీరు త్రాగే ఇండ్ల సంఖ్య. నాలుగవ గడి శీర్షికను కూర్చినవారు వేరొక ఫాంటులో, లావు అక్షరాలలో పెట్టినారు. దాని పట్టిక మన వద్ద లేదు. దాని క్రింద ఏడు అంకెలు ఉన్నవి: 2, 0, 5, 1, 0, 3, 4. అవి దేని లెక్కయో మేము ఊహించి వ్రాయదలచలేదు. 2005 సంచిక ముద్రిత ప్రతి ఎవరి ఇంటనైనను, ఏ స్థితిలో ఉన్నను, పలాస, టెక్కలి, ఉద్దానం గ్రామాలలోని పూర్వవిద్యార్థులు దయచేసి గ్రంథాలయానికి ఒక్క దినం ఎరువుగా ఇవ్వగోరుచున్నాము. ఆ వ్యాసం తెలుగు భాగంలో 31వ పుటలో ఉన్నది.